ఇత్తడి పిన్ను ఉండాల్సిన చోట హై టెన్షన్ బోల్టు

మా లేత్‌లో, అంటే లోహపు ముక్కను తిప్పుతూ చెక్కే మెషిన్‌లో, గేర్ బాక్సుకూ టూల్‌ను పొడవునా నడిపే లీడ్ స్క్రూకూ మధ్య ఆ రెండిటినీ కలిపే ఒక చిన్న కప్లింగ్ ఉంది. అందులో పెన్సిల్ కంటే సన్నటి ఇత్తడి పిన్ను ఉండాలి. పదమూడేళ్ల కిందట ఒక రాత్రి అది తెగింది. తెల్లారేసరికి ఒక చెరకు గానుగ రోలరు ఇచ్చేయాలి. రైతు షెడ్డు బయట ట్రాక్టరు మీదే పడుకుని ఉన్నాడు. మా దగ్గర పనిచేసే అబ్బాయికి ఇత్తడి ముక్క కనపడలేదు. చేతికి అందిన హై టెన్షన్ బోల్టును, అంటే గట్టి ఉక్కు బోల్టును, ఆ సైజుకు అరగదీసి బిగించేశాడు. రోలరు వేళకు అందింది, రైతు సంతోషంగా పోయాడు, అబ్బాయికి టీ, బన్ను దొరికాయి. ఏడు నెలల తర్వాత, లీడ్ స్క్రూను పట్టుకునే హాఫ్ నట్టు ఎత్తడం ఒక్క క్షణం ఆలస్యమై, టూల్‌ను మోసే క్యారేజ్ పోయి పని ముక్కను పట్టి తిప్పే చక్‌కు తగిలింది. పిన్ను మాత్రం చెక్కుచెదరలేదు. గేర్ బాక్సులో ఒక గేరుకు రెండు పళ్లు ఊడిపోయాయి.

నాయన ఆ పళ్లు రెండూ ఏరి, కాగితంలో పొట్లం కట్టి బల్ల సొరుగులో పెట్టాడు. అబ్బాయిని ఒక్క మాట అనలేదు. నాతో మాత్రం, "తెగేదానికే పాపా అది ఉండేది. దాన్ని తెగనీకుండా చేస్తే ఇంకోటి తెగతాది" అన్నాడు. నేను అప్పటికే మెకానికల్ డిప్లొమా చదివేశాను. ఇలా తెగడానికే పెట్టే షియర్ పిన్ను గురించి పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అయినా పాత మెషిన్ రిపేరు అంటే ఏమిటో అర్థం కావడం మొదలైంది ఆ సొరుగు దగ్గరే.

మా షెడ్డు చిత్తూరులో, గ్రీమ్స్‌పేటలో ఉంది. నేను తిరుపతిలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతూ ఆదివారాలు పొద్దున బస్సుకు వచ్చి, రాత్రి బస్సుకు వెళ్లిపోతుంటాను. డెబ్బై కిలోమీటర్లు పెద్ద దూరమేం కాదు. లేత్ 1966 నాటిది. 1941లో కర్ణాటకలోని హరిహర్‌లో మొదలైన మైసూరు కిర్లోస్కర్ వాళ్లు చేసింది. క్యారేజ్ జారే ఐదడుగుల బెడ్, అంగుళానికి నాలుగు థ్రెడ్ల లీడ్ స్క్రూ. నాయన 1984లో దీన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఆ ఫ్యాక్టరీ మూతపడి ఇరవై ఏళ్లు దాటింది. కాబట్టి స్పేర్ పార్టుల కోసం ఉత్తరం రాద్దామన్నా అడ్రసు లేదు. ఏది పోయినా మనమే చేసుకోవాలి, లేదా ఎక్కడైనా ఇదే మోడల్‌ను పాత ఇనుముకు వేస్తున్నారని తెలిస్తే పరుగెత్తాలి.

ఇలాంటి మెషిన్ ఇంట్లో ఉందంటే సలహాలకు కొదవ ఉండదు. కొందరు "తూకానికి వేసేసి రాజ్‌కోట్‌దో బటాలాదో కొత్తది తెచ్చుకోండి" అంటారు. ఇంకొందరు, ముఖ్యంగా వీడియోలు చూసేవాళ్లు, మొత్తం నట్టు నట్టూ ఊడదీసి, బెడ్ గ్రైండింగ్ చేయించి, అరిగినవన్నీ మార్చి, రంగు కొట్టి కొత్త పెళ్లికూతుర్ని చేయమంటారు. నాకు ఇద్దరితోనూ పేచీ ఉంది. మెషిన్ చేసినవాళ్లు అందులో కొన్నిటిని అరగడానికే పెట్టారు, కొన్నిటిని అరగకూడదని పెట్టారు. ఏది దేన్ని కాపాడడానికి ఉందో తెలుసుకోకుండా ఒక పార్టు మార్చినా, అన్ని పార్టులూ మార్చినా జరిగేది హై టెన్షన్ బోల్టు కథే.

ఈ సంగతి మా దగ్గరికి వచ్చే చెరకు రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గానుగ రోలర్ల ఇరుసులు బుష్‌లు అనే గన్ మెటల్ గొట్టాల్లో తిరుగుతాయి. రాగి, తగరం, కాస్త జింకు కలిపిన లోహం అది, ఉక్కు కంటే మెత్తన. సీజన్ మొదలయ్యే ముందు రైతు సంచిలో అరిగిన బుష్‌లు పట్టుకొచ్చి బల్ల మీద పోస్తాడు. "కొత్తవి కొట్టియ్యండి" అంటాడే తప్ప, ఇవి ఎందుకు అరిగాయని ఎప్పుడూ అడగడు. బుష్ అరిగితే ఇరుసు బాగుందని అతనికి తెలుసు. ఒకసారి ఒకాయన ఖర్చు తగ్గుతుందని మైల్డ్ స్టీల్ బుష్ అడిగితే, పక్కన నిలబడ్డ ఇంకో రైతే తిట్టాడు: "బుష్షు మిగిల్చి రోలరు పారేసుకుంటావా ఏంది?"

మా లేత్ విషయంలో ఆ పొరపాటు మేమే చేశాం.

క్రాస్ స్లైడ్ అంటే టూల్‌ను జాబ్ వైపు, అంటే తిరిగే పని ముక్క వైపు, ముందుకూ వెనక్కూ నడిపే భాగం. దాని కింద ఒక స్క్రూ, ఆ స్క్రూ మీద ఒక నట్టు ఉంటాయి. చాలా ఏళ్ల కిందట నాయనకు ఒంట్లో బాగాలేనప్పుడు అరిగిన నట్టును బయట ఒక షాపులో చేయించాం. బిగువుగా వచ్చింది, అందరం సంబరపడ్డాం. కొన్నేళ్లకే హ్యాండిల్ మూడో వంతు తిప్పినా స్లైడ్ కదలని స్థితికి వచ్చింది. ఆ స్క్రూ అంగుళానికి పది థ్రెడ్లది, అంటే ఒక చుట్టుకు 2.54 మిల్లీమీటర్లు. మూడో వంతు అంటే దాదాపు 0.85 మిల్లీమీటర్ల ప్లే, అంటే వదులు.

ప్లే ఉన్నంత మాత్రాన కొలత తప్పదు, ఎప్పుడూ ఒకే వైపు నుంచి టూల్‌ను తెస్తే చాలు. నాయన అలాగే ఏళ్ల తరబడి నెట్టుకొచ్చాడు. కానీ పార్టింగ్ చేసేటప్పుడు, అంటే రాడ్డును కోసి విడదీసేటప్పుడు, టూల్ కొరికి పట్టిందంటే ఆ ఖాళీ మేరకు స్లైడ్‌ను జాబే తన వైపు గుంజుకుంటుంది. ఫట్‌మని టూల్ విరుగుతుంది. వారానికి రెండు టూల్స్ విరిగాక నట్టు విప్పి చూశాను.

డ్రిల్ పెడితే చుట్టలు చుట్టలుగా చిప్స్ వచ్చాయి. పోత ఇనుమైతే పొడి రాలేది. గన్ మెటల్ కాదని రంగే చెబుతోంది. మామూలు మైల్డ్ స్టీల్. ఉక్కు మీద ఉక్కు, అందులోనూ నూనె సరిగా అందని చోట. రెండూ ఒకదాన్నొకటి పట్టి, పీక్కుని, గీసుకున్నాయి. కాలేజీ ల్యాబ్ నుంచి గేర్ టూత్ వెర్నియర్ అడిగి తెచ్చి స్క్రూను కొలిచాను. పెద్దగా వాడని రెండు చివర్లలోనూ థ్రెడ్ మందం 1.27 మిల్లీమీటర్లు, ఉండాల్సినంత ఉంది. రోజూ పనిచేసే మధ్య భాగంలో 0.9. అంటే మొత్తం ప్లేలో 0.37 స్క్రూ వాటా, మిగతాది నట్టుది.

చాలామంది ఇక్కడే తప్పు చేస్తారని నా అభిప్రాయం. కొత్త నట్టు వేస్తారు. అది మధ్యలో వదులుగా ఉందని బిగిస్తారు. స్క్రూ చివర్లకు పోగానే అది పట్టేస్తుంది, ఎందుకంటే అక్కడ థ్రెడ్ ఇంకా లావుగానే ఉంది. అప్పుడు ఆ చివర్లకు సరిపోయేలా వదులు చేస్తారు. డబ్బులు పెట్టి కొన్న ప్లే మళ్లీ మొదటికి వస్తుంది. అటువంటప్పుడు స్క్రూ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒకే మందానికి రావాలి, నట్టు ఆ సన్నబడిన స్క్రూకు తగ్గట్టు పుట్టాలి. సన్నగా ఉంటే బలం తగ్గదా అని అడుగుతారు. తగ్గుతుంది. కానీ ఒక క్రాస్ స్లైడ్‌ను నెట్టడానికి ఆ స్క్రూకు అవసరమైన దానికంటే చాలా ఎక్కువ బలమే ఇచ్చి పెట్టారు.

సరే, స్క్రూను ఎక్కడ తిప్పాలి? ఈ లేత్ మీదే. క్రాస్ స్లైడ్ స్క్రూ ఊడదీస్తే క్రాస్ స్లైడ్ నడవదు, అది నడవకుండా థ్రెడ్ కోయడం ఎలా? ఈ ముడి విప్పడానికి మాకు ఒక ఆదివారం మొత్తం పట్టింది. క్రాస్ స్లైడ్‌ను ఒక చోట పెట్టి, స్లైడ్ వదులును సర్దే గిబ్ స్క్రూలు గట్టిగా బిగించేశాం. పైనున్న కాంపౌండ్ స్లైడ్‌ను అడ్డంగా తిప్పి, లోతు ఇవ్వడానికి దాన్నే వాడుకున్నాం. స్క్రూలో థ్రెడ్ ఉన్న కొస, చక్‌కు ఎదురు చివరన ఉండే టెయిల్‌స్టాక్ వైపు వచ్చేలా పట్టించాం. మా లీడ్ స్క్రూ చక్ దగ్గరే ఎక్కువ అరిగింది, టెయిల్‌స్టాక్ వైపు ఇంకా నిక్కచ్చిగా ఉంది. అరిగిన మెషిన్‌తో మంచి పని చేయాలంటే దానిలో అరగని చోటు ఏదో తెలిసి ఉండాలి. అది ఎడమ చేతి థ్రెడ్, గోడల మధ్య 29 డిగ్రీల కోణం ఉండే యాక్మె రకం. పాత గాడిలోనే టూల్ పడేలా చూసుకోవడానికి నాయన అద్దాలు తుడుచుకుని వంగినప్పుడు నాకు టెన్షన్ మొదలైంది. హాఫ్ నట్టు ఎత్తకుండా, ప్రతి కోతకూ మోటారు వెనక్కి తిప్పుకుంటూ, తలవెంట్రుక మందాన కోస్తూ పోయాం.

నట్టు లోపల థ్రెడ్ కోయడానికి ట్యాప్ కావాలి. బజారులో దొరికేది పనికిరాదు, అది లావు థ్రెడ్‌కు సరిపడా గాడి కోస్తుంది. అందుకని సిల్వర్ స్టీల్ రాడ్డు మీద అదే టూల్‌తో సన్న థ్రెడ్ తిప్పి, ఆకురాయితో గాళ్లు తీసి, ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాం. మళ్లీ కాస్త వేడి చేసి, ఎండుగడ్డి రంగు రాగానే ఆపేశాం. ఆ రంగు కనిపెట్టడం నాయన పని, నాకు ఇప్పటికీ అది కుదరదు. గన్ మెటల్‌కు వెతుక్కోలేదు, షెడ్డు మూల పాత గానుగ బుష్‌లు ఉన్నాయి. వాటిని పోతపోసేవాళ్లకు ఇచ్చి దిమ్మ చేయించి, అందులోంచి నట్టు తీశాం.

పార్టింగ్ టూల్స్ విరగడం ఆగింది. ఇక్కడితో ఆపితే కథ బాగుండేది, నా వాదన కూడా నెగ్గేది.

ఎనిమిది నెలలకు ప్లే మళ్లీ వచ్చింది. ఈసారి అరిగింది మెత్తటి నట్టు కాదు, స్క్రూ. నా సిద్ధాంతం తలకిందులైంది. నట్టును కిరోసిన్‌లో కడిగి వెలుతురులో పెట్టి చూస్తే, థ్రెడ్ గోడల మీద సన్నగా మెరిసే చుక్కలు. గ్రానైట్ పొడి. చిత్తూరు చుట్టుపక్కల గ్రానైట్ ఫ్యాక్టరీలు ఉన్నాయి, వాటి కటింగ్ మెషిన్ల ఇరుసులు, పాలిషింగ్ హెడ్లు మా దగ్గరికి వస్తాయి. బూడిద రంగు బురద ఎండి పట్టి ఉంటుంది. దాన్ని అలాగే చక్‌లో పట్టించి తిప్పితే ఆ పొడి అంతా స్లైడ్ల మీదికి, స్క్రూ మీదికి రాలుతుంది. మెత్తటి గన్ మెటల్ ఆ రేణువులను తనలో పొదుగుకుని ఎమరీ పేపరులాగా తయారైంది. గట్టి ఉక్కును అది నెమ్మదిగా గీకింది. ల్యాపింగ్ అనే పనిలో కావాలని చేసేది ఇదే. రాగి, పోత ఇనుము లాంటి మెత్తటి ల్యాప్‌కు రాపిడి పొడి పట్టించి గట్టి ఉక్కును అరగదీస్తారు. నేను పిల్లలకు చెప్పే పాఠమే. మా ఇంట్లోనే జరుగుతుంటే ఎనిమిది నెలలు కనిపించలేదు.

కాబట్టి నా మాటను కొంచెం సరిదిద్దుకోవాలి. మెత్తనిది గట్టిదాన్ని కాపాడుతుంది, కానీ మధ్యలో నూనె ఉండి, మట్టి లేనప్పుడే. పార్టు మార్చి, ఆ పార్టు మీద పడే దుమ్మును మార్చకపోతే రిపేరు సగమే అయినట్టు. మేం స్క్రూ మీద రెక్సిన్ ముక్క కప్పాం. క్యారేజ్‌లో బెడ్ మీద కూర్చునే సాడిల్ నాలుగు కొసలకూ కొత్త ఫెల్టు వైపర్లు వేశాం. పాతవి రాయిలాగా గట్టిపడి, బెడ్ మీద చిప్స్‌ను తోయాల్సింది పోయి రుద్దుతున్నాయి. గ్రానైట్ పని వస్తే షెడ్డు బయటే నీళ్లు కొట్టి, ఆరబెట్టి తెమ్మంటున్నాం. ఎమరీ పేపరు పట్టేటప్పుడు బెడ్ మీద పాత దినపత్రిక పరుస్తాం. వీటికి అయిన ఖర్చు ఒక పార్టింగ్ టూల్ ఖరీదుకు మించలేదు.

ఇక బెడ్ సంగతి. పాత లేత్ గురించి మాట్లాడే ప్రతివాళ్లూ ముందు చక్ దగ్గర బెడ్ మీద వేలు పెట్టి రాస్తారు. అక్కడ మెట్టు తగులుతుంది. "బెడ్ పోయిందమ్మా, బెంగళూరు పీణ్యలోనో చెన్నై అంబత్తూరులోనో గ్రైండింగ్ కొట్టించాల్సిందే" అని తీర్పు చెప్పేస్తారు. వేలికి తగిలే మెట్టుకు, జాబ్‌లో వచ్చే తప్పుకు సంబంధం ఎంత? లెక్క వేసి చూద్దాం. సాడిల్ నిలువుగా 0.1 మిల్లీమీటరు దిగిందనుకోండి. 50 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న జాబ్ మీద దాని ప్రభావం వ్యాసార్థంలో 0.0002 మిల్లీమీటరు. అంటే లేనట్టే. ఎందుకంటే టూల్ మొన జాబ్ పక్కన పైకీ కిందికీ కదిలితే, ఆ చోట గుండ్రం దాదాపు నిలువుగానే ఉంటుంది. అసలు దెబ్బ సాడిల్ ఒరిగినప్పుడు. ముందు వైపు గాడి వెనక గాడి కంటే అదే 0.1 ఎక్కువ అరిగి, రెండిటి మధ్య 300 మిల్లీమీటర్లు ఉండి, టూల్ 200 ఎత్తులో ఉంటే, టూల్ మన వైపుకు 0.067 జరుగుతుంది. వ్యాసంలో 0.13 పెరుగుతుంది. ఒకే అరుగుదల ఒక దిశలో కనపడనే కనపడదు, ఇంకో దిశలో మూడు వందల రెట్లకు పైగా కొడుతుంది. వేలుకు ఈ తేడా తెలియదు.

అందుకే కోసి చూశాం. 50 మిల్లీమీటర్ల రాడ్డును చక్‌లో పట్టి, టెయిల్‌స్టాక్ ఆనించకుండా, 200 మిల్లీమీటర్ల దూరంలో రెండు కాలర్లు, అంటే కాస్త ఎత్తైన పట్టీలు, వదిలి, రెండిటి మీదా ఒకే సన్నటి కోత నడిపాం. మైక్రోమీటరు పెడితే చక్ వైపు కాలర్ 0.11 ఎక్కువ. బెడ్ మీద అడ్డంగా స్పిరిట్ లెవెల్ పెట్టాను. మీటరుకు 0.02 చూపించే రకం అది. చక్ దగ్గర బాగానే ఉంది. టెయిల్‌స్టాక్ దగ్గర బుడగ ఒక కొసకు పోయి ఆగిపోయింది. ఆ మూల వెనక కాలు గోడవారగా ఉంటుంది, గోడకు అవతల వీధి కాలువ. కాలువ తవ్వినప్పుడు నేల దిగింది, దాంతో బెడ్ మెలి తిరిగింది. కాంక్రీటు తవ్వి, ప్లేటు పెట్టి, బోల్టులు కొంచెం కొంచెంగా సర్ది, వారం ఆగి మళ్లీ సర్దాం. తేడా 0.07కు వచ్చింది. అంటే మేం ఇన్నేళ్లు బెడ్ నెత్తిన వేసిన నిందలో మూడో వంతుకు పైగా నేలది.

మిగిలిన 0.07 నిజంగా అరుగుదలే. దాంతో ఏం చేయాలి? మా పనిలో ఎక్కువ భాగం మోటారు షాఫ్టుల బేరింగ్ సీట్లు, అంటే బేరింగ్ కూర్చునే చోట్లు. సీటు పొడవు 25 మిల్లీమీటర్లు అనుకుంటే, అంత పొడవుకు వచ్చే తేడా 0.009. చివరి కోతలో చేతివాటంతో నాయన దాన్ని మింగేస్తాడు. గానుగ ఇరుసులకైతే ఆ తేడా లెక్కలోకే రాదు. అదే గ్రైండింగ్‌కు పంపితే? బెడ్ అర మిల్లీమీటరు తగ్గుతుంది. బెడ్ తగ్గితే సాడిల్ దిగుతుంది. సాడిల్‌తో పాటు దాని ముందు వేలాడే ఏప్రన్ దిగుతుంది, హాఫ్ నట్టు లీడ్ స్క్రూ కంటే కిందికి పోతుంది, క్యారేజ్‌ను నడిపే పినియన్ గేరు, బెడ్ కింద ఉన్న పళ్ల పట్టీ ర్యాక్ నుంచి దూరం జరిగి వదులవుతుంది, టెయిల్‌స్టాక్ సెంటర్ కిందికి వస్తుంది. ఇవన్నీ సరిచేయడానికి సాడిల్ కింద హైలం అనే గట్టి ప్లాస్టిక్ లాంటి షీటు అంటించి, స్క్రేపర్‌తో గీకి, ఎక్కడ తగులుతోందో తెలిసేలా నీలి రంగు రాసి చూసి, మళ్లీ గీకాలి. అది గొప్ప విద్య, తెలిసినవాళ్లతో చేయించుకుంటే లేత్ ఇంకో యాభై ఏళ్లు నడుస్తుంది, కాదనను. కానీ 0.009 కోసం ఆ గొలుసంతా లాగడం ఎందుకు? అడుగు పొడవు షాఫ్టును మైక్రాన్లలో తిప్పి ఇవ్వాల్సిన షాపైతే నా లెక్క వేరుగా ఉండేది.

కొత్తది కొనమనేవాళ్ల మాటలోనూ ఎంతో కొంత నిజం ఉంది. చక్‌ను తిప్పే స్పిండిల్ బేరింగులు పోతే బాధ లేదు, వాటి మీద నంబరు ఉంటుంది, తెచ్చుకోవచ్చు. స్పిండిలే గీతలు పడినా, దాన్ని మోసే హెడ్‌స్టాక్ పోత పగిలినా నేను కూడా తూకానికే వేస్తాను. వంద ఒకే రకం ముక్కలు కావాలంటే కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ ముందు మాది నిలబడదు. అయితే అర్ధరాత్రి ట్రాక్టరు మీద వచ్చే ఒకే ఒక్క రోలరుకు ప్రోగ్రాం ఎవరు రాస్తారు? పైగా, సంత రకం కొత్త లేత్ కొన్న మా పక్క వీధి ఆయన ఏడాదిలోపే గిబ్‌లు సర్దించుకోవడానికి నాయన దగ్గరికి వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ మా బెడ్ మీద మెట్టును వేలితో రాసి చూసి పోతాడు.

ఊడిన గేరు పళ్లు ఏమయ్యాయని అడుగుతారేమో. పోయిన ఒక్కో పంటి చోట మూడు స్టడ్లు దింపి, పైన ఇత్తడి పోసి, పక్క పన్ను ఆకారానికి రేకు అచ్చు కోసుకుని, అది చూస్తూ ఆకురాయితో అరగదీశాం. ఆ గేరు ఇప్పటికీ తిరుగుతోంది. వేగంగా తిప్పినప్పుడు ఒక చిన్న టకటక, అంతే.

ఇంకా లీడ్ స్క్రూ మిగిలింది. దాన్ని కొస మార్చి పెట్టాలని ఉంది, చక్ వైపు అరిగిన భాగం టెయిల్‌స్టాక్ వైపు పోయేలా. రెండు చివర్లూ కొత్తగా తిప్పుకోవాలి. గానుగల సీజన్ అయ్యేదాకా మెషిన్ విప్పడానికి నాయన ఒప్పుకోడు.

పోయిన ఆదివారం పిన్ను మళ్లీ తెగింది. ఈ మధ్యే చేరిన కుర్రోడు విసుక్కున్నాడు. "మూడు నెలల్లో ఇది రెండోది అక్కా. ఊరికే తెగతాంది. గట్టి బోల్టు పెట్టేద్దామా?" నాయన ఇప్పుడు మెషిన్ మీద ఎక్కువ సేపు నిలబడలేడు, కుర్చీలో కూర్చుని ఇత్తడి రాడ్డును పిన్నులుగా కోసి హార్లిక్స్ సీసాలో వేస్తుంటాడు. కోయడం ఆపి, సొరుగు లాగి, నూనె మరకలు పట్టిన ఆ కాగితం పొట్లం తీసి వాడి చేతిలో పెట్టాడు.